మొలతాటి ముడి

శోణగిరి జ్యోతిష్కులు ఆ రోజు పొద్దుగుంకే వేళకు రెండు ముహూర్తాలు పెట్టారు. ఒకటి చిన్నరాణి కన్న మగబిడ్డకు బారసాల. రెండోది చెరసాలలో ఉన్న దాది ముప్పమను ఏనుగు కాలికింద వేయించడం. ఒకే పందిరి, ఒకే మేళం రెండింటికీ సరిపోతాయని కూడా ఎవరో అనే ఉంటారు. పెద్దకొలువుల్లో అలాంటి తెలివితేటలకు లోటుండదు.

ముప్పమ చేసిన నేరం నిద్రపోవడం. పదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, పెద్దరాణి సునందాదేవి కొడుకు చిట్టిరాయుణ్ణి పక్కలో వేసుకుని జోకొడుతూ తానూ కునుకు తీసింది. కళ్లు తెరిచేసరికి బిడ్డ లేడు. ఐదేళ్లవాడు మర్నాడు తోడేళ్లకొండ మీద, బలిపీఠం పక్కన శవమై దొరికాడు. వెతికి తెచ్చినవాడు దండనాయకుడు భైరవమల్లు, రాణికి స్వయానా అన్నగారు. ఆ కొండగుహలో ఉండే మాంత్రికుడు ఘూకదంతుడే బలిచ్చాడని రాజు ప్రతాపమార్తాండుడు నమ్మాడు. మాంత్రికుణ్ణి పట్టి తెమ్మని పంపిన దళం తిరిగి రాలేదు. రెండో దళం అసలు బయల్దేరలేదు. చంపిందెవరో తేలకుండానే ఏళ్లు గడిచిపోయాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, చేతికందని మాంత్రికుణ్ణి వదిలేసి చేతికందిన దాదికి సంకెళ్లు వేశారు.

విచారణలో ఆమె చెప్పింది ఒకటే మాట. "బిడ్డ ఏడవలేదు దొరా. పరాయోళ్లు ముట్టుకుంటే ఊరు లేపేసే బిడ్డ. కిక్కురుమనకుండా ఎత్తుకెళ్లనిచ్చాడంటే..." ఆ మాట పూర్తి చేయనివ్వలేదు. బిడ్డ ఏడవలేదంటే నువ్వే ఎత్తి ఇచ్చావన్నమాట అని పండితులు తేల్చేశారు.

ఇప్పుడు సునందాదేవి చెల్లెలైన చిన్నరాణికి కొడుకు పుట్టాడు. పాత బిడ్డ ఉసురు కొత్త బిడ్డకు తగలకుండా ఉండాలంటే ఎవరిదో ఒకరి నెత్తురు పడాలట. ఎవరిదైనా ఫరవాలేదట.

ముప్పమకు ఒక్కడే కొడుకు, రేచన. తల్లిని చెరలో వేసిన రోజున కోటగుమ్మం దగ్గర ఏడుస్తూ కూర్చున్న ఆ పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని లేపి ఇంటికి తీసుకుపోయినవాడు భైరవమల్లే. కత్తి నేర్పాడు, గుర్రం ఇచ్చాడు, తన కంచంలో అన్నం పెట్టాడు. "దొరా ఏమిట్రా, మామా అను," అన్నాడు. యుద్ధంలో ఒక కన్ను పోయినా, మగలకు మగడని "గండరగండ" బిరుదు చెక్కిన పెండేరం కాలికి తొడిగించుకున్న ఆ వీరుడంటే రేచనకు దేవుడు. అందుకే ఇవాళ అతని ఆలోచన చాలా సులువుగా ఉంది. రాజు దాచి ఉంచిన సాక్ష్యాలు తీసుకోవాలి. నిజం తేల్చాలి. దాన్ని తీసుకెళ్లి మామ చేతిలో పెట్టాలి. మామ చెబితే రాజు వినడా!

అందుకే మిట్టమధ్యాహ్నం వేళ కోట తూర్పుగుమ్మంలో ఒక సోదమ్మ నిలబడి ఉంది. మొహం నిండా పసుపు, నుదుట రూపాయంత బొట్టు, చంకలో బుట్ట, చేతిలో కర్ర. మీసం తీసేసిన రేచన చూడముచ్చటగానే ఉన్నాడు గాని, ఆ భుజాలు దాచడానికి పైట చాలడం లేదు.

కావలివాడు చెయ్యి చాపాడు. "సోదమ్మా, నాకు పెళ్లెప్పుడవుద్దో చెప్పి లోపలికి పో."

రేచన గొంతు సన్నం చేశాడు. "ఈ కోటకి కావలున్నంతకాలం కాదు నాయనా. నీ కళ్లకి ఆడది ఎవరో మగాడెవరో ఆనదు."

"ఏందే నోటిదురుసు! పో పో, లోపల తొందరగా ఉన్నారు. బిడ్డ పేగు మెళ్లో ఏసుకుని పుట్టాడుగదా, మేనమామగారు నూనెలో మొహం చూడాలంట. గిన్నె తెమ్మని నన్ను చంపుతున్నారు," అంటూ వాడు తప్పుకున్నాడు.

కోట లోపల సాక్ష్యమందిరం చూసినవాడు దాన్ని కొలువుకూటం అనుకుంటాడు. మెట్లకు చంద్రకాంతపు రాళ్లు, ద్వారబంధానికి తాపిన గోమేధికాలు, గోడల మీద కెంపు కళ్లతో నెమళ్లు, పైకప్పు నుంచి వేలాడే వెండి గొలుసుల దీపాలు. శోణగిరి రాజులు న్యాయాన్ని చాలా అందమైన గదిలో పెట్టి తాళం వేశారు. ఆ గుమ్మానికి అడ్డంగా తాటిమానంత లావు ఇత్తడినాగు చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది. అబద్ధం చెప్పినవాణ్ణి కాటేయడం దాని పని. ఆ కోటలో అది చిక్కిపోకుండా అంత లావుగా ఉండడానికి కారణం అదే.

రేచన గడప తొక్కగానే నాగు పడగ లేపింది. "ఎవరి కోసం వచ్చావు?"

"చచ్చిపోయిన పసివాడి..." అన్నాడో లేదో, పడగ పిడుగులా దిగింది. రేచన పక్కకు దొర్లాడు. ఇత్తడి కోర పైటను చీల్చుకుంటూ రాతిలో దిగబడింది. రెండోసారి పడగ లేచింది.

"మా అమ్మ కోసం!" అని అరిచాడు రేచన. "అమ్మ కోసమే వచ్చాను!"

పడగ గాలిలోనే ఆగింది. "నిజం. అయితే పో. ఈ గుమ్మంలోకి ఆ బిడ్డ కోసం వచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. రాజు పగ కోసం వచ్చాడు. పండితులు మెప్పు కోసం వచ్చారు. ఒకడు మాత్రం నేను అడక్కముందే గడప మీద నుంచి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు."

"ఎవడు వాడు?"

"అడిగేదాన్ని నేను. చెప్పేదాన్ని కాదు," అని నాగు తల దించుకుంది.

రేచనకు సిగ్గేసింది. చిట్టిరాయుడు తన చేతులమీద ఆడినవాడే. వాడికి గుర్రమై వీపు మీద మోసింది తనే. ఆ బిడ్డ పేరు చెప్పి, నాగు చేత అబద్ధమనిపించుకున్నాడు. కాని సిగ్గుపడుతూ కూర్చోడానికి పొద్దు ఆగదు.

గంధపు పెట్టెలో మూడే వస్తువులున్నాయి. ఒక చిన్న పట్టు అంగీ. ఒక కోరపన్ను, తోడేలుదని పండితుల మాట. వెండిమువ్వలు గుచ్చిన నల్లటి మొలతాడు, ఒకచోట తెంచి, మళ్లీ ముడివేసి, రెండు చిన్న కన్నాలున్న ఉచ్చులా ఉంది. మాంత్రికుడు వేసిన నాగపాశ యంత్రం అది అని నాడు కొలువంతా వణికింది. రేచన అంగీ విప్పి వెలుగులో పట్టుకున్నాడు. ఎక్కడా నెత్తుటి చుక్క లేదు. నాడాలన్నీ మెడ దాకా ఒద్దికగా కట్టి ఉన్నాయి. చలేస్తుందేమో అన్నట్టు ఆఖరి నాడా కూడా కట్టి ఉంది.

ఇది బలిచ్చినవాడి పనేనా అని అతనికి మొదటి అనుమానం అక్కడే పుట్టింది. మూడింటినీ బుట్టలో వేసుకుని బయటికి వచ్చాడు.

గుమ్మం దగ్గర, నూనెగిన్నెతో పరుగెత్తుకొస్తున్న కావలివాడు ఎదురయ్యాడు. చిరిగిన పైటలోంచి కండలు తిరిగిన భుజం వాడి కంటబడింది. "ఓరి నీ సోది తగలెయ్య! మగాడివా!" అని గావుకేక పెట్టాడు. రేచన కుచ్చెళ్లు ఎగదోపి కోటగోడ ఎక్కాడు. బాణాలు జుయ్యిమన్నాయి. గోడ మీద నుంచి అగడ్తలోకి దూకాడు. ఒక మొసలి నోరు తెరిచింది, దాని నోట్లో సోదికర్ర నిలువునా కుక్కి ఆవలి ఒడ్డు పట్టాడు. పొదల్లో కట్టేసి ఉంచిన గుర్రం, మామ ఇచ్చిన పింగళాశ్వం, సకిలించింది. వెనక వందమంది రౌతులు, ముందు తోడేళ్లకొండ, మధ్యలో పాతాళపులోయ. పింగళాశ్వం లోయ దూకింది. రౌతులు ఆగిపోయారు.

తోడేళ్లకొండ ఎక్కి దిగినవాడు ఆ పదేళ్లలో లేడు. నల్లరాతి శిఖరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి ఆకాశాన్ని మింగాలని చూస్తున్నట్టు ఉంటాయి. గుహ నోట్లో నీలిమంట, దాని చుట్టూ ఎముకల తోరణం, గాలి వీచినప్పుడల్లా గలగలమని ఏడుపులాంటి చప్పుడు. రేచన జీనులో దాచిన కత్తి దూసి లోపలికి అడుగు పెట్టాడు. ఎదురుగా ఒక గడ్డం మనిషి మేకకు పాలు పితుకుతూ కనిపించాడు.

"ఎవరయ్యా మీరు?" అన్నాడు రేచన.

"మాంత్రికుణ్ణి పట్టుకోను వచ్చిన దళం," అన్నాడు గడ్డం మనిషి, చెంబు మీద నుంచి చూపు ఎత్తకుండా. "నేను దళవాయిని. మిగతావాళ్లు మేకల్ని తోలుకుపోయారు."

"బతికే ఉన్నారా! మరి తిరిగి రాలేదేం?"

"వట్టి చేతుల్తో తిరిగొస్తే రాజుగారు తలలు తీయిస్తారు. ఇక్కడైతే మేకపాలు దొరుకుతాయి. నువ్వే చెప్పు బాబూ, ఏది మేలు?"

లోపల పులిచర్మం మీద కూర్చున్న ఘూకదంతుణ్ణి చూసి రేచన కత్తి తనంతట తానే దిగింది. గుడ్లగూబ దంతాలవాడని రాజ్యమంతా పిల్లల్ని భయపెట్టి అన్నం తినిపించే ఆ మాంత్రికుడి నోట్లో ఒక్క పన్నూ లేదు. ముసలివాడు. కళ్లు మాత్రం నిప్పుకణికలు.

"దాది కొడుకువి," అన్నాడు మాంత్రికుడు. "తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో పుట్టావు. నీకు అంజనం కనిపిస్తుంది. చూస్తావా?"

"చూపించు. చంపింది నువ్వే అయితే ఇక్కడే నరుకుతాను."

ముసలివాడు నవ్వి, తమలపాకు మీద కాటుక రాసి చేతిలో పెట్టాడు. రేచన కళ్లార్పకుండా చూశాడు. నల్లటి కాటుకలో మంచు విడిపోయినట్టయింది. బలిపీఠం. పసివాడు. వాడి మెడ మీద ఘూకదంతుడి గోళ్లు.

"దొరికావురా!" అని లేచాడు.

"కూర్చో. ఇప్పుడు మీ రాజును తలుచుకుని చూడు."

కాటుక కదిలింది. అదే పీఠం, అదే బిడ్డ. ఈసారి మెడ మీద ఉన్నవి ఉంగరాల వేళ్లు, రాజు వేళ్లు.

"ఇప్పుడు మీ అమ్మను తలుచుకో."

"తలుచుకోను."

"తలుచుకోనన్నావంటే అప్పుడే తలుచుకున్నావు. చూడు."

ఆకులో ముప్పమ ఉంది. జోకొట్టే ఆ చెయ్యే బిడ్డ మెడ మీద ఉంది. రేచన కేకపెట్టి ఆకును నేలకు కొట్టి కాలితో రాచాడు.

"అర్థమైందా?" అన్నాడు ఘూకదంతుడు. నవ్వు పోయి గొంతు చేదుగా ఉంది. "అంజనంలో కనిపించేది జరిగింది కాదురా, చూసేవాడి అనుమానం. నాడు మీ రాజు నన్ను తలుచుకుని చూశాడు, నేను కనిపించాను. దాన్నే న్యాయం అన్నారు. నేను మంత్రం వదిలేసి చాలా కాలమైంది. నువ్వూ వదిలెయ్. దేవుడు కళ్లిచ్చాడు, చేతులిచ్చాడు. తెచ్చిన వస్తువులు తియ్."

రేచన మూడింటినీ నీలిమంట వెలుగులో పరిచాడు. కోరపన్నును ముసలివాడు గోటితో గీకి విసిరేశాడు. "ఇది తోడేలుది కాదు. అరగదీశారు చూడు. పెంపుడు వేటకుక్కలకే కోరలు అరగదీస్తారు. కోటలో కుక్కలు ఎవరివి?"

"మామవి... దండనాయకుడి కుక్కలు. కాని వాటిని అందరూ..." అంటూ రేచన ఆగిపోయాడు.

"సరే, అది పక్కన పెట్టు. ఈ మొలతాడు తెంచింది నేనన్నారా మీ పండితులు? బలికి పెట్టే బిడ్డకు మొలతాడు తెంపరురా. తెంపితే వాడు శవంతో సమానం. ఎంగిలి కూడు దేవతకు ఎవడైనా పెడతాడా? ఇది తెంచినవాడు బలిచ్చేవాడు కాదు. సాగనంపేవాడు."

సాగనంపేవాడు అన్న మాట రేచన చెవిలో గుచ్చుకుంది. మొలతాడు చేతిలోకి తీసుకున్నాడు. ఆ రెండు కన్నాల్లోకి తన చిటికెన వేళ్లు రెండూ దూర్చాడు. వేళ్లు పక్కపక్కన ఒదిగి కూర్చున్నాయి. మువ్వ ఒకటి చిన్నగా మోగింది.

పోయిన వేసవిలో అమ్మవారు పోసి అతని పినతల్లి కూతురి బిడ్డ పోయింది. గుంట పక్కన నిలబడి పెద్దవాళ్లు చెబుతుంటే మేనమామ చేయాల్సింది రేచనే చేశాడు. శోణగిరిలో బిడ్డకు మొలతాడు కట్టేది మేనమామ. బిడ్డ పోతే తెంచేదీ మేనమామే. తెంచిన ఆ తాటితోనే పాదాల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి మట్టిలో పెట్టాలి. దిక్కులేని శవానికే కాళ్లు కట్టరు. ఒకసారి కట్టిన ముడి విప్పకూడదు, విప్పితే చావు మళ్లీ ఆ ఇంటి దారి పడుతుంది. అవసరమొస్తే వేళ్లనుంచి అలాగే జార్చాలి. ఎడమవైపుకు మూడు చుట్లు, ఆపైన ఒక నొక్కు. చేతిలో ఉన్న ముడి అదే. యంత్రమూ కాదు, పాశమూ కాదు. మగవాళ్లు కాటికి తీసుకుపోయాక వేసే ముడి గనుక రాణి దాన్ని చూసి ఎరగదు. చూసి ఎరిగిన మగవాళ్లకు మాంత్రికుడి పేరు చెవిలో పడ్డాక కళ్లు పనిచేయలేదు.

"చిట్టిరాయుడికి మేనమామలెందరు?" అని అడిగాడు ఘూకదంతుడు.

రేచన చప్పున వేళ్లు ముడిలోంచి లాగేసుకున్నాడు. ఉన్నది ఒక్కడే. కాదు అనుకున్నాడు. కాదు, కాదు. కాని తల్లి మాట అడ్డం వచ్చింది, బిడ్డ ఏడవలేదు. మామ ఎత్తుకుంటే చిట్టిరాయుడు ఎందుకేడుస్తాడు? నాగు మాట అడ్డం వచ్చింది, ఒకడు గడప మీద నుంచి వెనక్కి పోయాడు. అంగీ ఆఖరి నాడా అడ్డం వచ్చింది.

"మామకేం పని? ప్రాణం పెట్టి పెంచాడు వాణ్ణి!" అన్నాడు.

"వాడెలా పుట్టాడు?"

పేగు మెడలో వేసుకుని పుట్టాడు. మేనమామకు గండం అన్నారు. బారసాలనాడు నూనెగిన్నెలో భైరవమల్లు బిడ్డ మొహం చూశాడు, పకపక నవ్వాడు. గండరగండడికి గండమేమిటన్నాడు. ఆ ఏడే అతను మొదటిసారి యుద్ధంలో ఓడిపోయాడు. మరుసటేడు గుర్రం మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపైన కన్ను పోయింది. "మేనల్లుడు మామ కన్ను పట్టుకుపోయాడు," అని కొలువులో వేళాకోళమాడితే అందరికంటే గట్టిగా నవ్వినవాడు అతనే. అంత గట్టిగా ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలుస్తోంది. వేల కత్తులకు ఎదురు నిలిచినవాడు ఐదేళ్ల బిడ్డకు జడిశాడు. చంపడమంటే చంపాడు గాని, చంపాక చెయ్యి ఊరుకోలేదు. అంగీ సర్దింది. కాళ్లు కట్టింది. ఎవరి కంటా పడకుండా ఆ ముడిని విప్పకుండానే వేళ్లనుంచి జార్చి పీఠం మీద వదిలింది. ఆ పాడు ప్రేమే అతణ్ణి పట్టిచ్చింది.

రేచన ఏడ్చాడు. చిట్టిరాయుడి కోసం ఏడ్చాడో, పదేళ్లు ఒక్క కంచంలో తిన్న అన్నం కోసం ఏడ్చాడో అతనికే తెలియదు.

"ఏడుపు తర్వాత," అన్నాడు మాంత్రికుడు. "ఇవాళ బారసాల బిడ్డ ఎలా పుట్టాడు?"

రేచన దిగ్గున తలెత్తాడు. కావలివాడి చేతిలో నూనెగిన్నె కళ్లముందు మెదిలింది.

"పేగు మెళ్లో వేసుకుని," అన్నాడు. "వాడికీ ఆయనే మేనమామ."

ఘూకదంతుడు చప్పట్లు చరిచాడు. గుహ కప్పు చీలి, కొండంత గండభేరుండం రెక్కలు విప్పి దిగింది. బంగారు ఈకలు, పగడపు గోళ్లు, రెండు తలలు. ఒక తల తూర్పంటే ఇంకో తల పడమరంటుంది. "మధ్యలో కూర్చో. ఎవరి మాటా వినకు, ఎదురుగా చూడు," అన్నాడు ముసలివాడు. "నిజం తేలితే ఇక నాకెవరూ భయపడరు. నా బతుకు ఆ భయం మీదే గడుస్తోంది. అయినా పోనీ, వెళ్లు."

తలలు రెండూ దారి పొడుగునా దెబ్బలాడుకున్నాయి. పాతాళపులోయ మీద ఒకసారి గిర్రున తిరిగి, మబ్బుల్లో ఒకసారి తలకిందులై, పొద్దు ఎర్రబడుతుండగా పక్షి శోణగిరి కోట మీదికి వచ్చింది. కింద పచ్చల పందిరి, మల్లెల జాలరులు, పన్నీరు చల్లే కీలుబొమ్మలు, పట్టుచీరల రెపరెపలు. పందిరికి ఒక చివర రత్నపీట మీద భైరవమల్లు, ఒడిలో ఎర్రటి పసికందు. పక్కనే నూనెగిన్నె. నూనెలో చూడటం అయిపోయింది. రెండో చివర నుదుట సింధూరం దిద్దిన ఏనుగు. దాని ముందు రాతిపలక మీద ముప్పమ, నెరిసిన జుట్టుతో, సంకెళ్లతో.

పక్షి పందిరి మీద పడింది. జనం చెల్లాచెదరయ్యారు. మేళం ఆగిపోయింది. చిరిగిన చీరతో, పసుపు మొహంతో రేచన ముందుకు నడిచాడు.

భైరవమల్లు ఒంటికన్ను పెద్దది చేసి నవ్వాడు. ఆ నవ్వులో ఆప్యాయత నిజమైనదే, అదే రేచనను కోసేసింది. "ఇదేం వేషంరా రేచనా! మీసం ఎవడు తీశాడు?"

"మామా," అన్నాడు రేచన. పీట దాటుకుని పోయి, ఏ సంబరమూ పట్టనట్టు తెల్లచీరలో మూల కూర్చున్న సునందాదేవి చేతిలో ఆ మొలతాడు పెట్టాడు. "అమ్మా, రెండు చిటికెన వేళ్లూ అందులో పెట్టి చూడండి. కాటిలో మేనమామలు వేసే ముడి ఇది."

ఆమె పెట్టి చూసింది.

"వాడి కాళ్లు కడిగింది నేనే," అంది, తనలో తాను అనుకున్నట్టు. "బొటనవేళ్ల మొదట్లో నొక్కులు పడి ఉన్నాయి. కొండరాళ్లు గుచ్చుకున్నాయేమో అనుకున్నాను. పదేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను." తలెత్తి చూసింది. కోపం లేదు, చిన్నప్పుడు ఏదో పోగొట్టుకుని అడిగినట్టు అడిగింది. "అన్నా, నువ్వు వాడి కాళ్లు కట్టావా?"

"కట్టకుండా ఎలా వదిలేస్తానమ్మా?" అన్నాడు భైరవమల్లు, నొచ్చుకున్నట్టుగా. "దిక్కులేనివాడా వాడు?"

అన్నాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. శోణగిరిలో అందరికీ తెలిసిందొకటే, బిడ్డ దొరికేసరికి మొలతాడు బలిపీఠం మీద ఉందని. ఆ మాట చెప్పిందీ అతనే.

"బావా!" అని రాజు సింహాసనం మీద నుంచి లేచాడు.

భైరవమల్లు అంతకంటే ముందే లేచాడు. ఎడమచేత పసికందు, కుడిచేత కత్తి. "ముక్కలుముక్కలుగా పట్టుకుపోయాడు నన్ను!" అన్నాడు. వీరుడి గొంతు కాదు అది. "ముందు పేరు, తర్వాత కాలు, తర్వాత కన్ను. మీరంతా నవ్వారు. ఇప్పుడు ఇంకొకడు. ఇవాళ నూనెలో చూశాను, నా మొహం కనిపించలేదు, వీడిదే కనిపించింది!" అడ్డొచ్చిన ఇద్దరు భటుల్ని నరికి, ముప్పమ కోసం నిలిపిన ఏనుగునే మోకాలు తన్ని ఎక్కాడు. ఏనుగు ఘీంకరించి పందిరి గుంజలు విరుచుకుంటూ నదివైపు గుమ్మంలోంచి దూసుకుపోయింది.

చిన్నరాణి మూర్ఛపోయింది. రేచన తల్లి దగ్గరికి పరుగెత్తి, సంకెళ్ల మీదికి కత్తి ఎత్తాడు.

"ఆగు!" అన్నాడు ప్రతాపమార్తాండుడు. అతని మొహం పాలిపోయి ఉంది. మాట మాత్రం రాజుమాటే. "నా కొడుకు ప్రాణాలతో తిరిగి రానీ. అప్పుడు ఆమె సంకెళ్లు తీయిస్తాను. లేదంటే నాకు ఇంకో ఏనుగుంది."

రేచన పళ్లు కొరికాడు. నిజం తేలాక కూడా న్యాయానికి ఇంకో షరతు దొరికింది. కత్తి రాజువైపు తిప్పబోయాడు. ముప్పమ సంకెళ్ల చేతులతో కొడుకు మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్లు రాజును చూడడం లేదు, ఏనుగునూ చూడడం లేదు. తల పక్కకు వంచి, నదివైపు చెవి ఒగ్గి వింటోంది.

"నా గొలుసుల సంగతి తర్వాత చూద్దువుగాని," అంది. "విను."

రేచన విన్నాడు. విరిగే కొమ్మలు. దూరంగా ఏనుగు అడుగులు. ఆ అడుగుల మీదుగా ఒక మగగొంతు సన్నగా పాడే జోలపాట, చిట్టిరాయుణ్ణి భుజాన వేసుకుని మామ పాడే పాట. ఇంకేమీ లేదు.

"అప్పుడూ ఇదే చెప్పాను, ఒక్కడూ విన్లేదు," అంది ముప్పమ. "బిడ్డ ఏడవట్లేదురా రేచనా! పరుగెత్తు!"